నాయనమ్మ గుమ్మడికాయ

1994 సంక్రాంతి వెళ్ళాక రెండో ఆదివారం మా పల్లె చర్చిలో కోత పండుగ. ఆ రోజు వేలంపాటలో ఒక గుమ్మడికాయని నేను ఐదు వేల రూపాయలకు పాడాను. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ కాయ మీది పసుపు చారలు, తొడిమ పక్కన ఎలుక కొరికిన గాటు నాకు ఇంకా కళ్ళకు కడుతూనే ఉన్నాయి. ఆ కాయ మా నాయనమ్మది. మా పెంకుటింటి వెనక వంటపాక మీదికి పాకిన పాదుకు కాసింది.

కోత పండుగ తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పంటలు ఇంటికొచ్చాక మొదటి ఫలం దేవుడికి తెచ్చే పండుగ అది. పొలం ఉన్నవాళ్ళు వడ్ల బస్తా తెస్తారు. లేనివాళ్ళు కోడిపుంజు, అరడజను గుడ్లు, మునక్కాయల కట్ట, సొరకాయ, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముందు చెట్టు కింద పెట్టి వేలంపాట పెడతారు. వచ్చిన డబ్బు చర్చికి. పది రూపాయల సొరకాయని ఇరవైకి పాడి నవ్వుకుంటూ ఇంటికి తీసుకుపోవడం మామూలే. ఐదు వేలు మామూలు కాదు.

మాది ఒంగోలుకి తూర్పున, కొత్తపట్నం వైపు, బకింగ్‌హామ్ కాలువకి దగ్గరలో ఉండే ఊరు. ఊరి చివర మాదిగపల్లె, పల్లె నడుమ బాప్టిస్టు చర్చి, చర్చి గోడ పక్కనే మా ఇల్లు. ఇసక నేల. రాత్రిపూట సరుగుడు తోటల హోరు వింటే సముద్రమే ఇంటి వెనక్కి వచ్చిందనిపించేది. నాన్న టంగుటూరు అవతల, పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనికి పోయి సీజనంతా అక్కడే ఉండేవాడు. అమ్మ పొగాకు ఆకుల్ని రకాలుగా ఏరే గ్రేడింగ్‌కి పోయేది. చీకటితో లారీ ఎక్కితే చీకటి పడ్డాకే రావడం. వచ్చి పక్కన పడుకుంటే ఆమె జుట్టులోంచి పొగాకు ఘాటు వచ్చి నాకు తుమ్ములొచ్చేవి. ఆ తుమ్ములకి భయపడి ఆమె అటు తిరిగి పడుకునేది. నన్ను పెంచింది నాయనమ్మే.

ఆమె దగ్గర ఒక మట్టి ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. అది దేవుడి బియ్యం. ఆదివారం గుడ్డలో మూటకట్టి చర్చికి తీసుకెళ్ళేది. పల్లెలో ఆడవాళ్ళందరూ చేసే పనే. ఒక వానాకాలం, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, డబ్బాలో బియ్యం అడుగంటింది. ఉన్నవి ముగ్గురికి చాలవు. నేను పొయ్యి పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆమె చెయ్యి పెట్టి పిడికెడు తీసింది, ముంతలో వేసింది. నాకు కోపమొచ్చింది. "దేవుడికి ఆకలేస్తదా నాయనమ్మా?" అన్నాను. "ఆయనకెందుకు ఆకలేస్తదిరా! నా చెయ్యి తెరవడం మర్చిపోకూడదు గదా" అంది. ఆ రాత్రి ఆమె గంజి తాగి పడుకుంది.

తెల్లారుజామున నాలుగింటికి లేచి మోకాళ్ళ మీద కూర్చునేది. గట్టిగానే ప్రార్థన చేసేది, కాబట్టి నేను దుప్పట్లోంచి అంతా వినేవాణ్ణి. అదంతా పేర్ల జాబితా. ముందు పాస్టరు గారు, ఆ తర్వాత పల్లెలో మంచాన పడ్డవాళ్ళు, నెలలు నిండిన ఆడపిల్లలు. ఆ తర్వాత మాకు వడ్డీకి అప్పిచ్చిన షావుకారు, ఆయన మోకాళ్ళ నొప్పి. నాన్న, అమ్మ. అందరూ అయ్యాక నేను. నా పేరు వచ్చేదాకా మెలకువగా ఉండాలనుకునేవాణ్ణి. చాలాసార్లు షావుకారు దగ్గరే నిద్రపోయేవాణ్ణి.

నేను ఒంగోల్లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో మా తీరానికి రొయ్య వచ్చింది. కాలువ పక్కన మాకు సర్కారు పట్టా ఇచ్చిన ఎకరన్నర చౌడు నేల ఉండేది. గడ్డి కూడా మొలిచేది కాదు. గొర్రెలు సైతం దాన్ని దాటుకుని పోయేవి. అలాంటి నేలని పొక్లెయిన్ పెట్టి తవ్వి ఉప్పునీళ్ళు నింపితే టైగర్ రొయ్య పెరుగుతుందన్నారు. ఎకరన్నరకి తోడు ఇంకో ఆరెకరాలు కౌలుకి తీసుకున్నాను. అప్పు పుట్టింది. ఆ రెండేళ్ళు అప్పు ఎవరికైనా పుట్టేది.

మొదటి పంట మర్చిపోలేను. రాత్రి పదింటికి టార్చిలైటు వేసుకుని, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే, మేతంతా తినేసి, పేగు నల్లగా నిండి, గోధుమ చారలతో రొయ్యలు ఎగిరెగిరి పడేవి. కళ్ళు నిప్పురవ్వల్లా మెరిసేవి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. ముప్ఫై కౌంటు, అంటే కిలోకి ముప్ఫై రొయ్యలు, పట్టాం. పట్టుబడి రోజు గట్టు మీదికి ఐసు పెట్టెల లారీ వచ్చింది. లెక్క చూసి నోట్ల కట్టలు నా తువ్వాల్లో పోశారు. అమ్మ పొగాకు గ్రేడింగ్‌లో పదేళ్ళు సంపాదించింది ఆ తువ్వాల్లో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో పోశాను. ఆమె ఏడ్చింది. ఆ రోజు సంతోషం అబద్ధం కాదు. ఇప్పటికీ ఆ రోజుకి దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. అమ్మ మళ్ళీ లారీ ఎక్కలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండో పంటకి బుల్లెట్ కొన్నాను. మొదటి వారం రోజుకి రెండుసార్లు తుడిచాను. నెల తిరక్కముందే పక్క చెరువు ఆయన మారుతీ కారు తెచ్చాడు. ఆ సాయంత్రం బుల్లెట్ స్టాండ్ వేస్తుంటే అది ఎవరిదో పాత బండిలా అనిపించింది. కలర్ టీవీ తెచ్చాను, మెళ్ళోకి గొలుసు చేయించాను. కొత్త డాబా లేపి లోపలంతా చీమకుర్తి గ్రానైట్ పరిపించాను. నల్లరాయిలో బంగారు చుక్కలు. రాత్రి లైటు వేస్తే ఆకాశం మీద నడుస్తున్నట్టుండేది. పెళ్ళి కూడా ఆ ఇంట్లోనే అయింది. నాయనమ్మ మాత్రం అందులోకి రానంది. "కాలు జారతది నాయనా" అని పెంకుటింట్లోనే ఉండిపోయింది.

ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అది నిజం. చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఎయిరేటర్ ఆగిపోయిందేమో, ఎవరైనా చెరువులో మందు కలిపారేమో, ధర పడిపోతుందేమో, అన్నీ టెన్షన్లే. అవేమీ లేని రాత్రి కూడా నిద్ర రాదు, ఇంకెన్ని ఎకరాలు తీసుకోవాలో లెక్కలు వేసుకుంటూ పడుకునేవాణ్ణి. నాలుగింటికి కిటికీలోంచి నాయనమ్మ గొంతు వినపడేది. అదే జాబితా. దాంట్లో కొత్తగా మా చెరువు కాపలా కుర్రాళ్ళ పేర్లు చేరాయి. ఆ కుర్రాళ్ళ పేర్లు నాకే సరిగ్గా తెలియవు. పెద్దోడా, చిన్నోడా అని పిలిచేవాణ్ణి.

ఇక కోత పండుగ. వేలంపాటలో నాయనమ్మ గుమ్మడికాయ వచ్చింది. ఐదు రూపాయల దగ్గర మొదలెట్టారు. నేను యాభై అన్నాను. మారుతీ కారాయన వంద అన్నాడు. నేను ఐదొందలు. అతను వెయ్యి. చెట్టు కింద మాటలు ఆగిపోయాయి. పిల్లలు దగ్గరికి జరిగారు. అతను నాలుగు వేలన్నాడు, నేను ఐదన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. చప్పట్లే చప్పట్లు. పాస్టరు గారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను గుమ్మడికాయ భుజాన పెట్టుకుని, గెలిచిన కోడిపుంజుని తెచ్చినట్టు తెచ్చి నాయనమ్మ ముందు దించాను.

ఆమె దాన్ని తడిమి చూసింది. అప్పటికే చూపు సరిగా ఆనేది కాదు. "నా కాయ పది రూపాయలది నాయనా" అంది. "ఆ పదీ దేవుడికి ముట్టినై. మిగతాది ఎవరికిచ్చావో నువ్వే చూసుకో."

నాకు మండిపోయింది. చర్చికి ఐదు వేలిస్తే ఇదా మాట అనుకుని, ఏమీ అనకుండా వచ్చేశాను. మర్నాడు చెరువు దగ్గరికి పోతే కాపలా కుర్రాళ్ళు గట్టు మీద కూర్చుని గుమ్మడికాయ పులుసు పోసుకుని అన్నం తింటున్నారు. నాయనమ్మ కాయంతా వండి సత్తు గిన్నెతో పంపించింది. నాకు ఒక ముక్క కూడా ఉంచలేదు.

ఆ ఏడాదే రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చింది. 1994లో మా జిల్లాలోనూ, నెల్లూరు, కృష్ణా వైపూ ఎంతమందిని ముంచిందో ఆ రోజుల్లో రొయ్యల మీద ఉన్నవాళ్ళని అడిగితే చెబుతారు. ముందు రొయ్యలు మేత మానేస్తాయి. తర్వాత గట్టు వారకి వచ్చి నెమ్మదిగా ఈదుతాయి. తెల్లారి చూసేసరికి గట్టు మీద కాకులు. ఒక రొయ్య తీసి తల మీది పెంకు ఒలిచి ఎండకి ఎత్తి పడితే సన్నటి తెల్ల చుక్కలు, ముగ్గు చిలకరించినట్టు. నాలుగు రోజుల్లో మూడు చెరువులూ పోయాయి. ఆ వాసన గురించి రాయను.

బుల్లెట్, గొలుసు, టీవీ ఒక్కొక్కటే పోయాయి. తర్వాతి ఏడాది డాబా కూడా అప్పులవాళ్ళకి రాసిచ్చాను. మా ఆవిడని, పది నెలల బిడ్డని తీసుకుని నాయనమ్మ పెంకుటింట్లోకి వచ్చాను.

ఆస్తి పోగానే దేవుడు గుర్తొచ్చాడని చర్చిల్లో చెప్పే చాలా సాక్ష్యాల్లో వింటాం. నాకూ గుర్తొచ్చాడు. కానీ ఎందుకు గుర్తొచ్చాడో చెప్పాలి. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, రాత్రి కూటాలకి పోయాను, ఏడ్చి ప్రార్థన చేశాను. అడిగింది ఒక్కటే: ప్రభువా, ఒక్క పంట ఇవ్వు. దేవుణ్ణి కూడా వేలంపాటలో నిలబెట్టాను. ఇన్ని ఉపవాసాలకి ఇన్ని ఎకరాలు. ఇలా ఆరు నెలలు నడిచింది. చివరికి ఒక రాత్రి, "నువ్వు నాలుగింటికి లేచి ఇన్నేళ్ళు మొత్తుకున్నావు గదా, ఏమిచ్చాడు నీ దేవుడు?" అని నాయనమ్మ మీద అరిచాను.

ఆమె కోప్పడలేదు. నులకమంచం మీద లేచి కూర్చుంది. "కాలువ ఎవరు తవ్వారో తెలుసా?" అంది.

తెలుసు. పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి పోతున్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చి బతికించారు. నాయనమ్మ జేజి, అంటే ఆమె అవ్వ, అప్పటికి పదమూడేళ్ళ పిల్ల. ఆ కాలువలో మట్టి తట్టలు మోసింది.

నాకు తెలియని సగం ఆ రాత్రి చెప్పింది. పని దగ్గర బోధకులు రోజూ వాక్యం చెప్పేవాళ్ళు. మమ్మల్ని కలుపుకోండని జనం అడిగేవాళ్ళు. దొరగారు ఒప్పుకోలేదు. కూలి నడిచినన్నాళ్ళూ, గింజలు పంచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలన్నారు. పని అయిపోయింది, సాయం ఆగిపోయింది, ఇంక ఇచ్చేదేం లేదు పొమ్మన్నారు. జనం పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా. ఆ వారాల్లోనే నాయనమ్మ జేజి కూడా ఆ నీళ్ళల్లో దిగింది.

"కూడు ఉన్నప్పుడు ముంచలేదురా. కూడు అయిపోయినాకే ముంచారు" అంది నాయనమ్మ. "మా జేజి ఏట్లోంచి లేచి తడిబట్టలతో నడుచుకుంటా ఇంటికి పోయింది. ఇంట్లో ఏముంది? ఏం లేదు. దారంతా పాడుకుంటా పోయిందంట. నాకు ఆమె చెప్పింది అదొక్కటే. నేనూ నీకు అదే ఇవ్వగలను."

అలా చెప్పి పడుకుంది. నేను వీధరుగు మీద తెల్లారేదాకా కూర్చున్నాను.

పేదరికం గొప్పదని నేనెప్పుడూ అనను. ఆకలి తెలిసినవాడెవడూ అనడు. దొరగారు కూడా ముందు కూలి పెట్టాకే మిగతా మాట. మా పల్లెకి ఆ మిషన్ వల్ల బడి వచ్చింది, ఒంగోల్లో ఆసుపత్రి వచ్చింది, నాలాంటివాడు డిగ్రీ చదివాడు. అవన్నీ కావాలి. కానీ ఈ మధ్య కొన్ని సభల్లో ఆశీర్వాదం అంటే కారు, బిల్డింగు, పిల్లలకి అమెరికా వీసా అన్నట్టు చెబుతుంటే నాకు గుండెలో గుచ్చుకుంటుంది. గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డ ఆ 2,222 మందికి ఆ రోజు ఎవరూ ఏదీ ఇస్తామనలేదు. మనం వాళ్ళ మనవలం.

ఆ తర్వాత ఒంగోల్లో ఒక మందుల షాపులో లెక్కలు రాసే పనిలో చేరాను. సైకిలు మీద పోయి రావడం. సాయంత్రం లాంతరు ముందు పెట్టుకుని నాయనమ్మకి బైబిలు చదివి వినిపించేవాణ్ణి. ఆమెకి చూపు పోయింది, కాబట్టి చదవక తప్పలేదు. అలా ఒకరోజు లూకా సువార్త 12వ అధ్యాయం వచ్చింది. పంట బాగా పండిన ఒక ధనవంతుడు, ఉన్న కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుందామనుకుంటాడు. ఆ రాత్రే ప్రాణం పోతుంది. సండే స్కూలు నుంచి విన్న కథే. కానీ పైకి చదువుతుంటే ఒకటి తట్టింది. ఆ మనిషి మాట్లాడేదంతా తనతోనే. భార్య లేదు, పనివాళ్ళు లేరు, పక్కింటివాడు లేడు. తన పంట, తన కొట్లు, తన ప్రాణం. గ్రానైట్ ఇంట్లో రాత్రంతా నేను వేసుకున్న లెక్కలు అవే. కిటికీ అవతల నాయనమ్మ అదే గంటకి ఇరవై మందితో ఉండేది. పక్కింట్లో ఇంత జనం ఉండగా నేను ఒంటరిగా నిద్రలేక దొర్లాను. చదవడం ఆపేశాను. "ఏందిరా ఆగావు?" అంది. ఏం చెప్పను. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఏ రోజున మారానో తేదీ చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. మా డాబా కొనుక్కున్నవాళ్ళు రెండేళ్ళకి వాళ్ళ అమ్మాయి పెళ్ళికి పిలిచారు. వెళ్ళాం. వడ్డనకి మనుషులు చాలకపోతే నేనూ సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డించాను. పెళ్ళికొడుకు తరఫు ముసలాయన ఒకాయన నాతో పొగాకు ధరల గురించి గంటసేపు మాట్లాడాడు. రాత్రి తిరిగొస్తుంటే మా ఆవిడ, "ఆ నేల చూస్తే మీకు బాధేయలేదా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది, నేను నేల వంకే చూడలేదు. అంతసేపు దాని మీదే తిరిగాను.

నాయనమ్మ 1999లో ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ట్రంకుపెట్టెలో రెండు తెల్లచీరలు, బైబిలు, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, మట్టి ఖర్చులకని గుడ్డలో కట్టిన మూడు వందల అరవై రూపాయలు. పెట్టె పక్కన ముంత. అందులో సగానికి బియ్యం ఉన్నాయి. ఆదివారం వాటిని చర్చికి తీసుకెళ్ళింది నేనే. అప్పటినుంచీ ముంత మా ఇంట్లోనే ఉంది. అంచు ఒకచోట పగిలితే సిమెంటు పూశాను. మా ఆవిడ పిడికెడు వేస్తుంది. ఆమె ఊరెళ్ళినప్పుడు నేను వేస్తాను.

ఏటా జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కుతాను. 1854లో అదే రోజు అమెరికా మిషనరీలు జ్యువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు చీకటితో ఎక్కి, తూర్పు తెల్లారుతుంటే కింది ఊళ్ళ కోసం ప్రార్థన చేసిన చోటు. ఐదుగురే. అప్పటికి ఒంగోల్లో మిషనూ లేదు, చర్చీ లేదు. అక్కడ నిలబడితే నాకు ఏదీ అడగబుద్ధి కాదు. పేర్లు మాత్రం చెప్పుకుని దిగుతాను.

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు కాలువ గట్టు మీదికి నడిచాను. మా ఎకరన్నరలో ఇప్పుడు వెనామీ రకం రొయ్య వేస్తున్నారు. కౌలుకి తీసుకున్న కుర్రాడికి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా మేలుకున్నట్టుంది. నేనెవరో తెలిసి టీ తెప్పించాడు. మేత గురించి, రోగాల గురించి ఏవేవో అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. లేచి వస్తుంటే, "పెద్దాయనా, మా చెరువు కోసం ప్రార్థన చెయ్యి" అన్నాడు.

"నీ పేరేంది నాయనా?" అని అడిగాను. చెప్పాడు. గట్టు మీద మేత బస్తాలు మోస్తున్న ఇద్దరు కుర్రాళ్ళని కూడా పిలిచి పేర్లు అడిగాను. మర్నాడు నాలుగింటికి ముగ్గురి పేర్లూ చేర్చుకున్నాను.